పాత అంబాసిడర్ బ్యాటరీ దిగిపోతోందా? డైనమో విప్పే ముందు ఇవి చూడండి

కొత్త బ్యాటరీ వేయించి నెల తిరక్కముందే పొద్దున సెల్ఫ్ కొడితే టక్కుమని ఆగిపోతోందా? అయితే మళ్లీ బ్యాటరీ షాపుకి పరిగెత్తకండి. చాలాసార్లు తప్పు బ్యాటరీది కాదు, దాన్ని నింపాల్సిన దారిలో ఎక్కడో ఉంటుంది. తిరుపతి, చిత్తూరు, మదనపల్లె వైపు ఇప్పటికీ ఇళ్ల ముందు టార్పాలిన్ కప్పుకుని ఉన్న అంబాసిడర్లు, పాత ఫియట్లు, పెట్రోల్ జీపులు కనిపిస్తూనే ఉంటాయి. ఇంజిన్ బాగుండి, బాడీ బాగుండి, కేవలం ఈ ఛార్జింగ్ గోల తేలక పక్కన పెట్టేసిన బండిని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఎందుకంటే ఈ వ్యవస్థలో దాపరికం ఏమీ లేదు. కరెంటు పుట్టించే ఒక డైనమో, దాన్ని అదుపు చేసి బ్యాటరీకి కలిపే ఒక కటౌట్ బాక్సు, ఒక బ్యాటరీ, నాలుగైదు వైర్లు, అంతే.

మనవాళ్లు చేసే వరస ఎలా ఉంటుందంటే, ముందు బ్యాటరీ మారుస్తారు (కరకంబాడిలో అమరరాజా ఫ్యాక్టరీనే పెట్టుకున్న ఊరు మనది, బ్యాటరీ దొరకడం ఎప్పుడూ కష్టం కాదు), తర్వాత డైనమోను రీవైండింగ్‌కి (లోపలి రాగి తీగ మళ్లీ చుట్టడానికి) ఇస్తారు, అప్పటికీ కాకపోతే కటౌట్ మారుస్తారు, చివరికి ఎవరో ఒకరు "ఇదంతా ఎందుకన్నా, ఆల్టర్నేటర్ పెట్టేద్దాం" (డైనమో బదులు వాడే తర్వాతి కాలం యంత్రం) అంటారు. ఇంత ఖర్చూ అయ్యాక అసలు కారణం ఇంజిన్‌ను బాడీకి కలిపే, తుప్పు పట్టిన ఒక ఎర్త్ పట్టీ అని తేలిన బండ్లున్నాయి. అందుకే నా మాట ఒకటే: మీటరు పెట్టి కొలవకుండా ఏదీ విప్పొద్దు, ఏదీ కొనొద్దు.

ఇక్కడ చెప్పేదంతా ముఖ్యంగా లూకాస్ కంపెనీ రకం డైనమో, విడిగా కటౌట్ బాక్సు ఉన్న 12 వోల్టుల బండ్ల గురించి. మీ బండిలో ఏది ఉందో తెలుసుకోవడం తేలిక. డైనమో పొడవాటి గొట్టంలా ఉంటుంది, వెనక మూత మీద రెండే టెర్మినళ్లు, పెద్దది డి (D), చిన్నది ఎఫ్ (F). ఆల్టర్నేటర్ అయితే పొట్టిగా లావుగా ఉండి చుట్టూ గాలి రంధ్రాలుంటాయి. ఆల్టర్నేటర్ బండ్ల సంగతి చివర్లో కొంచెం చెప్తాను. 6 వోల్టుల పాత బండి అయితే ఇక్కడ చెప్పే వోల్టులు సగం అనుకోండి.

అసలు అక్కడ ఏం జరుగుతుంది

ఇంజిన్ తిరగ్గానే ఫ్యాన్ బెల్టు డైనమోను తిప్పుతుంది. లోపలి ఇనుములో మిగిలి ఉన్న కొద్దిపాటి అయస్కాంత శక్తితో డి దగ్గర ఒకటి రెండు వోల్టులు పుడతాయి. అందులో కొంత రెగ్యులేటర్ కాంటాక్టుల మీదుగా ఎఫ్‌కి తిరిగొచ్చి ఫీల్డ్ కాయిల్‌ను (అయస్కాంత శక్తి పుట్టించే తీగ చుట్టను) బలపరుస్తుంది, దాంతో వోల్టేజ్ ఇంకా పెరుగుతుంది. 12.7 నుంచి 13.3 వోల్టుల మధ్య ఎక్కడో కటౌట్ అతుక్కుని డైనమోను బ్యాటరీతో కలుపుతుంది. ఇంజిన్ నెమ్మదిస్తే అది విడిపోవాలి. బోరు పైపులో ఫుట్ వాల్వ్ ఎలాగో కటౌట్ అలాగ, ఎక్కింది వెనక్కి జారకుండా ఆపుతుంది. వోల్టేజ్ మరీ పెరిగిపోకుండా చూసేది రెగ్యులేటర్. మన షెడ్లలో ఈ రెండింటినీ కలిపి ఆ బాక్సు మొత్తాన్నే కటౌట్ అనేస్తారు, అందుకే మెకానిక్ "కటౌట్ పోయింది" అంటే లోపల రెండింటిలో ఏది పోయిందో అడగండి.

దీన్నిబట్టి ఒక సంగతి అర్థమవుతుంది. ఐడ్లింగ్‌లో డైనమో దాదాపు ఏమీ ఇవ్వదు. సాయంత్రం లీలామహల్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు డ్యాష్‌బోర్డు మీది ఛార్జింగ్ ఎర్ర లైటు మినుకుమినుకుమంటే టెన్షన్ పడక్కర్లేదు, కాస్త యాక్సిలరేటర్ తొక్కితే ఆరిపోవాలి. అదే భాకరాపేట ఘాట్‌లో రెండో గేరులో ఎక్కేటప్పుడు ఇంజిన్ గట్టిగా తిరుగుతుంది కాబట్టి డైనమో పూర్తిగా ఇస్తుంది. అంటే రోజూ ఊళ్లోనే రెండు మూడు కిలోమీటర్లు తిరిగే బండి, అన్నీ బాగున్నా, బ్యాటరీని నెమ్మదిగా ఖాళీ చేసుకుంటూనే ఉంటుంది. అలాంటి బండికి రిపేరు అక్కర్లేదు, వారానికోసారి హైవే మీద ఓ అరగంట తిప్పడమో, ఇంట్లో చిన్న ఛార్జర్ పెట్టడమో చాలు.

ముందు లెక్క వేయండి

ఇది చాలామంది వదిలేస్తారు, నా దృష్టిలో ఇదే అన్నిటికంటే ముందు చూడాలి. లూకాస్ సీ40 డైనమో ఎంత బాగున్నా ఇవ్వగలిగేది 22 ఆంపియర్లు. అంతకుముందు వచ్చిన సీ39 అయితే 19. ఇప్పుడు ఖర్చు చూడండి. పాతకాలం 45/40 వాట్ల హెడ్‌లైట్లు రెండూ హైబీమ్‌లో కలిపి 7.5 ఆంపియర్లు తీసుకుంటాయి, ఇగ్నిషన్ కాయిల్ 3 నుంచి 4, వెనక లైట్లు, మీటరు లైట్లు ఓ రెండు, వైపర్ రెండు మూడు. అంతా కలిపినా డైనమోకి ఇంకా ఊపిరి ఉంటుంది. అదే చోట 60/55 హాలోజన్ వేస్తే హెడ్‌లైట్లకే 10 ఆంపియర్లు. 100/90 బల్బులు వేయించుకున్నారనుకోండి, రెండింటికీ కలిపి 200 వాట్లు, అంటే దగ్గర దగ్గర 17 ఆంపియర్లు. దానికి కాయిల్, వైపర్, స్టీరియో ఆంప్లిఫయర్, ఫోన్ ఛార్జర్ కలిపితే డైనమో ఇచ్చేదానికంటే ఎక్కువైపోయింది. ఈ బండికి మీరు ఎంత మంచి డైనమో వేసినా రాత్రి ప్రయాణంలో బ్యాటరీ దిగిపోతూనే ఉంటుంది, డైనమో కూడా వేడెక్కి త్వరగా పోతుంది.

ఎల్‌ఈడీ బల్బులు వేస్తే భారం తగ్గుతుంది, నిజమే. కానీ వాటికి ప్లస్ మైనస్ పట్టింపు ఉంటుంది. ఆ కాలం బండ్లలో కొన్నిటికి ప్లస్ ఎర్త్ ఉంటుంది, అంటే బ్యాటరీ ప్లస్ టెర్మినల్ బాడీకి కట్టి ఉంటుంది. అలాంటి బండిలో మామూలు ఎల్‌ఈడీ బల్బు వెలగదు. అసలు ఏ పని మొదలుపెట్టినా ముందు బ్యాటరీ ఏ టెర్మినల్ బాడీకి వెళ్లిందో చూసి, ఒక కాగితం మీద రాసి బానెట్ లోపల అంటించండి. కొత్తగా వచ్చిన కుర్ర ఎలక్ట్రీషియన్ అలవాటు కొద్దీ మైనస్‌ను బాడీకి కట్టేస్తే తర్వాత చాలా నష్టం.

చేతిలో ఉండాల్సినవి

ఒక డిజిటల్ మల్టీమీటర్, ఒక టెస్ట్ ల్యాంప్, రెండు క్రొకడైల్ క్లిప్పులు పెట్టిన వైరు ముక్క, బ్యాటరీకి మూతలుంటే హైడ్రోమీటర్ (యాసిడ్ సాంద్రత కొలిచేది), సన్న ఉప్పు కాగితం. వీటితో పాటు పాత ముల్లు మీటరు ఒకటి సంపాదించండి, 20 వోల్టుల దాకా చూపించేది. డైనమో నుంచి వచ్చే కరెంటు బ్రష్‌ల (తిరిగే భాగాన్ని తాకుతూ కరెంటు అందుకునే కార్బన్ ముక్కల) దగ్గర మిణుకులతో కలిసి ఎగుడుదిగుడుగా ఉంటుంది, చవక డిజిటల్ మీటర్లు దానికి గందరగోళపడి అర్థంలేని అంకెలు చూపిస్తాయి. ముల్లు అయితే సగటు చూపించి నిలబడుతుంది, కటౌట్ అతుక్కునే క్షణంలో అది కొట్టుకోవడం కూడా కంటికి కనిపిస్తుంది.

బ్యాటరీ, ఎర్త్, బెల్టు

రాత్రంతా బండి కదలకుండా ఉన్నాక పొద్దున్నే బ్యాటరీ మీద వోల్టులు చూడండి. 12.6 ఉంటే నిండినట్టు, 12.2 అంటే సగం, 12 దగ్గరికి వచ్చిందంటే దాదాపు ఖాళీ. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కిందికి పడిపోతే, అదీ నిండా ఛార్జ్ చేశాక కూడా అలా పడిపోతే, అప్పుడు బ్యాటరీని అనుమానించండి. హైడ్రోమీటర్‌తో చూసేటప్పుడు ఆరు సెల్లుల్లో ఒకటి మిగతా వాటికంటే 0.040 కంటే ఎక్కువ తేడా చూపిస్తే ఆ సెల్లు పోయినట్టే. మన ఎండల్లో, ఏప్రిల్ నుంచి జూన్ దాకా, నీళ్లు త్వరగా ఆవిరైపోతాయి. వారానికోసారి మూతలు తీసి చూడండి, డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకేదీ పోయొద్దు. ఇక్కడి బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, అది ప్లేట్లను చంపేస్తుంది.

బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లటి పచ్చటి బూజు ఉంటే వేడినీళ్లు పోసి కడిగి, ఆరాక బిగించి, పైన వ్యాసిలిన్ రాయండి. ముందు రాసి తర్వాత బిగించకండి.

ఇక ఎర్త్, అంటే కరెంటు బాడీ గుండా బ్యాటరీకి తిరిగెళ్లే దారి. దీని గురించి కాస్త ఓపికగా చదవండి. అంబాసిడర్ ఇంజిన్ రబ్బరు మౌంటింగ్‌ల మీద కూర్చుని ఉంటుంది, రబ్బరులోంచి కరెంటు పోదు, అందుకే ఇంజిన్‌కీ బాడీకీ మధ్య అల్లిన రాగి పట్టీ ఒకటి ఉంటుంది. ఇంజిన్ దించి ఎక్కించినప్పుడు షెడ్లలో ఎక్కువగా మర్చిపోయేది ఇదే. పట్టీ లేకపోయినా బండి పూర్తిగా ఆగదు, కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది, చోక్ వైరు గుండా, యాక్సిలరేటర్ రాడ్ గుండా వెళ్తుంది. పలమనేరు మిత్రుడి బండిలో సెల్ఫ్ కొట్టినప్పుడల్లా చోక్ నాబ్ చుర్రుమని కాలేది. ఇంజిన్ ఓవర్‌హాల్ చేసిన షెడ్డులో ఆ పట్టీ తీసి మళ్లీ కట్టలేదు, అంతే సంగతి. ఆ బండికి అప్పటికే డైనమో రీవైండింగ్ అయిపోయింది.

కొలవడం ఎలాగంటే, మీటరు ఒక కొసను బ్యాటరీ ఎర్త్ టెర్మినల్ మీద (క్లిప్పు మీద కాదు, సీసపు పోస్ట్ మీదే) పెట్టండి, రెండో కొసను డైనమో ఒంటికి, పెయింటు లేని చోట గట్టిగా తాకించండి. ఇంకొకర్ని సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే మధ్యలో ఎక్కడో జాయింటు బాగాలేదు. ఒక్కో జాయింటు దాటుతూ కొలుచుకుంటూ పోతే ఎక్కడ పోతోందో దొరికిపోతుంది. డైనమో బ్రాకెట్లకు, కటౌట్ బాక్సు స్క్రూల కిందా అందంగా స్ప్రే పెయింటు కొట్టించి ఉంటారు, అక్కడ లోహం కనిపించేదాకా గీకండి. రీస్టోరేషన్ చేయించిన బండ్లలో ఈ పెయింటే పెద్ద శత్రువు.

బెల్టు సంగతి చిన్నది. పొడవైన భాగం మధ్యలో బొటనవేలితో నొక్కితే అరంగుళం దిగాలి. ఇంకా ఎక్కువ దిగితే జారుతుంది, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కీచుమంటుంది. మరీ బిగిస్తే డైనమో ముందు బేరింగూ వాటర్ పంపూ రెండూ పోతాయి. పుల్లీ గాడి అడుగున బెల్టు తాకి మెరుస్తుంటే బెల్టు అరిగిపోయిందని అర్థం, ఎంత బిగించినా జారుతుంది.

ఎర్ర లైటు ఏం చెప్తోంది

తాళం తిప్పితే లైటు వెలగాలి, ఇంజిన్ అందుకున్నాక ఆరాలి. తాళం తిప్పినా వెలగకపోతే బల్బు పోయి ఉండొచ్చు. అయితే డైనమో బండిలో బల్బు పోయినా ఛార్జింగ్ ఆగదు, ఆల్టర్నేటర్ బండిలో మాత్రం ఆగిపోవచ్చు. ఎంత వేగంగా తిప్పినా లైటు ఆరకపోతే డైనమో నుంచి ఏమీ రావట్లేదు, లేదా బెల్టు తెగింది. రోడ్డు మీద ఇలా అయితే వెంటనే పక్కకి ఆపి బెల్టు చూడండి, ఎందుకంటే అదే బెల్టు వాటర్ పంపునూ తిప్పుతుంది. లైటు పూర్తిగా ఆరకుండా మసకగా ఉండిపోతే డైనమో పనిచేస్తోంది కానీ కటౌట్ కాంటాక్టుల దగ్గరో ఏదో జాయింటు దగ్గరో వోల్టులు పోతున్నాయి. ఇంజిన్ వేగం పెంచేకొద్దీ లైటు ఇంకా ప్రకాశంగా వెలుగుతుంటే కటౌట్ బాక్సు మీద 'ఈ' (E) అని ఉండే టెర్మినల్ ఎర్త్ చూడండి. అది ఊడిపోతే కటౌట్ అతుక్కోదు, రెగ్యులేటర్ పనిచేయదు, డైనమో వోల్టేజ్ మాత్రం అడ్డూ అదుపూ లేకుండా ఎక్కేస్తుంది.

లైటు ఆరింది కదా అని నిశ్చింతగా ఉండొద్దు. అది చెప్పేది డైనమో వోల్టేజ్ బ్యాటరీ వోల్టేజ్‌కి దగ్గరగా వచ్చిందని మాత్రమే, ఛార్జ్ అవుతోందో లేదో మీటరే చెప్పాలి.

డైనమో పరీక్ష

ఇదే అసలైన పరీక్ష, డైనమోను బండి నుంచి తీయకుండానే చేయొచ్చు. డి, ఎఫ్ వైర్లు రెండూ డైనమో దగ్గర ఊడదీసి, కొసలు బాడీకి తగలకుండా పక్కకి కట్టండి. ఇప్పుడు డైనమో డి, ఎఫ్ టెర్మినళ్లను చిన్న వైరు ముక్కతో కలిపేయండి. ముల్లు మీటరు ఒక కొస ఈ వైరుకి, రెండోది డైనమో ఒంటికి. ఇంజిన్ స్టార్ట్ చేసి ఐడ్లింగ్ నుంచి మెల్లగా, చాలా మెల్లగా వేగం పెంచండి. ముల్లు తడబడకుండా చకచకా పైకి పోవాలి. 20 వోల్టులు దాటనివ్వకండి, ఇంజిన్‌ను రేజ్ చేయకండి, ఇప్పుడు రెగ్యులేటర్ లేదు కాబట్టి అదుపు మీ కాలి కిందే ఉంది. 20కి చేరిందంటే డైనమో బాగుంది, ఇక దాన్ని ముట్టుకోవద్దు, తప్పు వైర్లలోనో బాక్సులోనో ఉంది.

ముల్లు అసలు కదలకపోతే బ్రష్‌లు చూడాలి. అర వోల్టు, ఒక వోల్టు దగ్గర ఆగిపోతే ఫీల్డ్ కాయిల్ మీద అనుమానం. నాలుగైదు వోల్టుల దగ్గర ఆగితే ఆర్మేచర్ (లోపల తిరిగే భాగం) వైండింగ్. ఈ మూడు అంకెలు గుర్తుంచుకుంటే రీవైండింగ్ షాపుకి వెళ్లినప్పుడు ఏది చుట్టించాలో మీరే చెప్పగలరు, "మొత్తం చుట్టాలి సార్" అంటే తలాడించి డబ్బులు కట్టాల్సిన పని లేదు. ఫీల్డ్ కాయిల్‌ను ఇంకోసారి నిర్ధారించుకోవాలంటే ఎఫ్ టెర్మినల్‌కీ డైనమో ఒంటికీ మధ్య ఓమ్స్ కొలవండి, సీ40లో 6 ఓముల దగ్గర రావాలి. బాగా తక్కువొస్తే లోపల షార్ట్, అసలు రాకపోతే వైరు తెగింది.

డైనమోను విప్పాల్సి వస్తే బ్రష్‌లు 7 మిల్లీమీటర్ల దాకా అరిగుంటే మార్చేయండి. కొత్త కార్బన్లు ఏవో సైజువి తెచ్చి అరగదీసి పెట్టడం మన దగ్గర మామూలే, కానీ అవి హోల్డర్‌లో సులువుగా కదలాలి, స్ప్రింగ్ నొక్కు పూర్తిగా తగలాలి. కమ్యుటేటర్ (బ్రష్‌లు రాసుకునే రాగి ముక్కల వలయం) నల్లబడితే పెట్రోల్ తడిపిన గుడ్డతో తుడవండి, పోకపోతే సన్న ఉప్పు కాగితం పట్టి ఆర్మేచర్ తిప్పుతూ రుద్దండి. ఎమరీ వద్దు, దాని పొడి రాగి ముక్కల మధ్య ఇరుక్కుని షార్ట్ చేస్తుంది. గాళ్లు పడితే లేత్ మీద సన్నగా కోయించి, రాగి ముక్కల మధ్య మైకాను 0.8 మిల్లీమీటర్ల లోతుకి దించాలి. ఈ రెండో పని చాలా లేత్ షాపుల్లో చేయరు, అడిగి చేయించుకోండి, లేకపోతే మైకా పైకి నిలిచి బ్రష్ ఎగురుతూ ఉంటుంది. ఆర్మేచర్ ఇనుము మీద ఒక పక్క గీసుకుపోయిన మెరుపు కనిపిస్తే వెనక బుష్ అరిగిపోయి ఆర్మేచర్ లోపలి గోడను రాసుకుంటోందని. కొత్త కంచు బుష్ వేసేముందు 24 గంటలు ఇంజిన్ ఆయిల్‌లో నానబెట్టాలి, నానని బుష్ కొన్నాళ్లకే పట్టేస్తుంది. వెనక మూత మీద ఉండే చిన్న రంధ్రంలో సర్వీసు చేసినప్పుడు రెండే రెండు చుక్కలు ఆయిల్ వేయండి. ఎక్కువేస్తే కమ్యుటేటర్ మీదకి పాకుతుంది.

బిగించాక ఇంకో పరీక్ష ఉంది. బెల్టు తీసేసి, డి, ఎఫ్ కలిపి బ్యాటరీలో ఎర్త్ కాని టెర్మినల్‌కి తాకిస్తే డైనమో మోటారులా నెమ్మదిగా, ఒకే తీరుగా తిరగాలి. తిరిగితే లోపల పెద్ద లోపం లేనట్టే.

రీవైండింగ్ అయ్యాక, లేదా బ్యాటరీ ఎర్త్ మార్చాక, డైనమోకి పోలారిటీ ఇవ్వడం (ప్లస్ మైనస్ బండికి సరిపోయేలా పెట్టడం) మర్చిపోవద్దు. ఎఫ్ వైరు ఊడదీసి, ఎర్త్ కాని బ్యాటరీ టెర్మినల్ నుంచి ఒక వైరు తెచ్చి డైనమో ఎఫ్ టెర్మినల్‌కి రెండు మూడు సార్లు అలా తాకించి తీసేయండి. చిన్న నిప్పురవ్వ వస్తుంది, అంతే. ఇది చేయకుండా పోలారిటీ తిరగబడిన డైనమోను కలిపితే కటౌట్ అతుక్కున్న క్షణంలోనే విపరీతమైన కరెంటు పారి కాంటాక్టులు వెల్డింగ్ అయిపోతాయి.

కటౌట్ బాక్సు

ఇక్కడికి వచ్చేసరికి చాలామందికి స్క్రూ తిప్పాలని చెయ్యి దురదపెడుతుంది. వద్దు. ముందు వైర్లు. డైనమో దగ్గర డి, ఎఫ్ కలిపిన వైరు ముక్క అలాగే ఉంచి, తీసిన వైర్లు మళ్లీ అక్కడ కలిపి, బాక్సు దగ్గర డి, ఎఫ్ ఊడదీసి, ఒక్కొక్క వైరుకీ ఎర్త్‌కీ మధ్య అదే పరీక్ష చేయండి. డైనమో దగ్గర వచ్చినంతే ఇక్కడా రావాలి. తక్కువొస్తే వైరు మధ్యలో పాడైంది. ఎలుకలు కొరికిన వైర్లు, నవంబరు వానల తేమకి ఇన్సులేషన్ కింద పచ్చగా అయిపోయిన రాగి, ఇవి మన షెడ్లలో మామూలే. పరీక్ష అయ్యాక ఆ ముక్క తీసేయడం మర్చిపోకండి, అలాగే ఉంచి బండి నడిపితే వోల్టేజ్‌ను ఆపేది ఉండదు.

తర్వాత బ్యాటరీ వైరు తీసి, మూత తెరిచి కాంటాక్టులు చూడండి. రెగ్యులేటర్ కాంటాక్టుల్ని సన్న కార్బొరండమ్ రాయితో శుభ్రం చేయొచ్చు. కటౌట్ కాంటాక్టులు మెత్తటివి, వాటికి సన్న ఉప్పు కాగితం మాత్రమే, ఎమరీ, రాయి రెండూ వద్దు. తర్వాత స్పిరిట్ గుడ్డతో తుడిచేయండి. బ్యాటరీ కలిసి ఉన్నప్పుడు, ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు కటౌట్‌ను వేలితో నొక్కి చూడటం ప్రమాదం. బ్యాటరీ మొత్తం డైనమోలోకి దిగుతుంది.

సెట్టింగ్ చూడాలంటే, ఆర్‌బీ 106 రకం బాక్సులో 'ఏ' (A), 'ఏ1' (A1) టెర్మినళ్ల వైర్లు తీసి ఆ వైర్లను ఒకదానికొకటి కలిపి టేపు చుట్టండి. మీటరు 'డి' (D), 'ఈ' (E) టెర్మినళ్ల మధ్య పెట్టండి. ఇంజిన్ వేగం మెల్లగా పెంచితే ముల్లు ఎక్కి, ఒకసారి కొట్టుకుని, నిలబడుతుంది. మన వాతావరణంలో, 30 నుంచి 40 డిగ్రీల దగ్గర, అది 15.8 నుంచి 16.5 మధ్య ఉండాలి. ఇది బ్యాటరీ కలపనప్పటి అంకె, చూసి భయపడకండి. బ్యాటరీ కలిపి నడిపితే నిండిన బ్యాటరీ మీద 14 చుట్టుపక్కలే వస్తుంది. మార్చాల్సి వస్తే లాక్ నట్ వదులు చేసి రెగ్యులేటర్ స్క్రూను కొద్దికొద్దిగా తిప్పండి, కుడివైపు తిప్పితే పెరుగుతుంది. మొత్తం అర నిమిషంలో ముగించాలి, కాయిల్ వేడెక్కితే అంకె మారిపోతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడే చేయండి. మధ్యాహ్నం ఎండలో బాగా తిరిగొచ్చిన బండి మీద సెట్ చేస్తే లెక్క తప్పుతుంది.

బ్యాటరీ నీళ్లు త్వరగా తగ్గిపోతూ, యాసిడ్ వాసన వస్తూ, బల్బులు తరచూ పోతుంటే ఓవర్‌ఛార్జింగ్. అప్పుడు కూడా ముందు 'ఈ' (E) టెర్మినల్ ఎర్త్ చూడండి, అక్కడ తుప్పుంటే రెగ్యులేటర్‌కి అసలు వోల్టేజ్ కంటే తక్కువ అందుతుంది, అది ఇంకా పెంచుతూ పోతుంది.

బాక్సు నిజంగానే కాలిపోయి ఉంటే చెన్నై పుదుపేట మార్కెట్‌లో పాతవి దొరుకుతాయి. మూత తెరిచి, కాయిల్స్ నల్లబడలేదని, కాంటాక్టులు మిగిలి ఉన్నాయని చూసుకునే కొనండి. పాత మూతలోనే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ పెట్టి అమ్మేవీ వస్తున్నాయి. బండిని ఉన్నదున్నట్టు కాపాడుకోవాలనుకునేవాళ్లకి అది ఆల్టర్నేటర్ కంటే మంచి దారి అని నా అభిప్రాయం. తీసుకునేటప్పుడు అది మీ ఎర్త్‌కి సరిపోతుందో లేదో అడగండి.

ఆల్టర్నేటర్ బండి అయితే

పని తక్కువ. ఇంజిన్ ఓ మోస్తరు వేగంలో ఉన్నప్పుడు బ్యాటరీ మీద 13.8 నుంచి 14.4 రావాలి, హెడ్‌లైట్లు వేసినా 13.5 కిందికి పోకూడదు. మీటరును ఏసీ వోల్టుల్లో పెట్టి చూసినప్పుడు అర వోల్టు కంటే ఎక్కువొస్తే డయోడ్ (కరెంటును ఒకే వైపు పోనిచ్చే భాగం) పోయింది. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు ఊడదీసి "ఆగలేదు కాబట్టి ఛార్జింగ్ ఉంది" అని తేల్చే అలవాటు ఇప్పటికీ చాలామందికి ఉంది, దయచేసి మీ బండి మీద అలా చేయనివ్వకండి, ఆ ఒక్క క్షణంలో డయోడ్లు పోతాయి. ప్లస్ ఎర్త్ బండికి మామూలు ఆల్టర్నేటర్ పెట్టాలంటే ముందు ఎర్త్ మార్చాలి, లేకపోతే కలిపిన మరుక్షణం కాలిపోతుంది.

ఛార్జ్ అవుతోంది, అయినా పొద్దుటికి దిగిపోతోంది

అంతా సరిచేసి చంద్రగిరి దాకా వెళ్లొచ్చారు, సాయంత్రం 12.6 ఉంది, పొద్దున చూస్తే 12.1. అంటే రాత్రంతా ఎక్కడో కారుతోంది. తాళం తీసి, తలుపులు వేసి, బ్యాటరీ ఎర్త్ వైరు ఊడదీసి, ఆ వైరుకీ టెర్మినల్‌కీ మధ్య టెస్ట్ ల్యాంప్ పెట్టండి. వెలిగితే లీకేజీ ఉంది. ఎంతో తెలియాలంటే మీటరును 10 ఆంపియర్ల రేంజ్‌లో అదే చోట పెట్టండి, అలా పెట్టి ఉన్నప్పుడు పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకండి. ఈ బండ్లలో కంప్యూటర్ లేదు, రిమోట్ లాక్ లేదు, గడియారం కూడా లేకపోతే మీటరు దాదాపు సున్నా చూపించాలి.

ఒక్కో ఫ్యూజ్ తీస్తూ చూడండి, ఏది తీస్తే తగ్గిందో ఆ లైనులోనే దొంగ ఉంది. తర్వాత పెట్టించిన స్టీరియో, హారన్ రిలే, డిక్కీ లైటు స్విచ్, వీటిని ముందు అనుమానించండి. ఆ కాలం బండ్లలో ఉండే ఫ్యూజులే తక్కువ, హెడ్‌లైట్ల లాంటివి చాలావాటిలో ఫ్యూజ్ లేకుండా నేరుగా వస్తాయి, కాబట్టి ఫ్యూజులన్నీ తీసినా తగ్గకపోతే వైర్లనే ఒక్కొక్కటిగా తీసి చూడాలి. ఆఖరున కటౌట్ బాక్సులో 'ఏ' (A) టెర్మినల్ వైరు ఊడదీయండి. అప్పుడు సున్నాకి పడిపోతే బాక్సును అనుమానించాలి. ఆ వైరు మళ్లీ పెట్టి, ఈసారి డి వైరు ఒక్కటే తీయండి. అప్పుడూ సున్నా అయితే కటౌట్ కాంటాక్టులు విడిపోకుండా బ్యాటరీ డైనమోలోకి కారిపోతోంది. బాక్సు మీద చెయ్యి పెడితే వెచ్చగా కూడా తగులుతుంది. అలా ఉంటే శుభ్రం చేయించేదాకా, రాత్రిపూట బండి ఆపగానే బ్యాటరీ ఎర్త్ వైరు తీసి పక్కన పెట్టండి, లేకపోతే కొసకి డైనమో ఆర్మేచర్ కూడా కాలిపోతుంది.